గది మనది కాని గంటలు

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి నడిచి వెళ్లేంత దూరంలో మాకు చిన్న లాడ్జి ఉంది. మావారు కౌంటరు చూసుకునేవారు. దుప్పట్లు, ఉతుకులు, పనివాళ్ల సంగతి నాది. అబ్బాయి బాధ్యత తీసుకున్నాక, ఇన్నేళ్లూ ఊరూరి వాళ్లకు గదులిచ్చిన మేము మొదటిసారి దేశం దాటి గదులు వెతుక్కున్నాం. వియత్నాంలో మొదలుపెట్టి కంబోడియా, థాయ్‌లాండ్, మలేషియా చూసుకుని ఇప్పుడు సింగపూర్‌లో ఆఖరి మజిలీలో ఉన్నాం. రేపు రాత్రి చెన్నై విమానం. ఏ ఊరు బాగుంది, ఎక్కడ దిగాలి, అరవై దాటిన వాళ్లు తట్టుకోగలరా అని చుట్టాలూ, మా వీధివాళ్లూ ఫోన్లు చేస్తున్నారు. అన్నీ తాజాగా గుర్తుండగానే రాసి పెడుతున్నాను.

లాడ్జి నడిపిన వాళ్ల కన్ను ఎక్కడికి వెళ్లినా పరుపు అంచు మీద, స్నానాల గది మూలల మీద పడుతుంది. అవన్నీ చూశాం. అయితే ఇన్ని ఊళ్లు తిరిగాక నాకు గట్టిగా తోచిన సంగతి వేరు. బస మంచిచెడ్డలు గదిలో తేలవు. గది ఇంకా చేతికి రాని గంటల్లోనూ, ఖాళీ చేసేసిన గంటల్లోనూ ఆ ఇంటివాళ్లు మనల్ని ఎలా చూశారన్న దాంట్లో తేలతాయి.

మన ఊళ్లో రైలు దిగిన యాత్రికుడు తెల్లవారుజామున మూడింటికి తలుపు తట్టినా గది దొరుకుతుంది. చాలా లాడ్జిల్లో 24 గంటల లెక్క. ఎప్పుడు దిగితే మర్నాడు ఆ వేళకే ఖాళీ చేస్తారు. బయటి దేశాల్లో ఈ పద్ధతి మాకు కనపడలేదు. మధ్యాహ్నం రెండింటికో మూడింటికో గది ఇస్తారు, వెళ్లే రోజు పదకొండు, పన్నెండుకల్లా తాళం చెవి అడుగుతారు. చవకగా దొరికే విమానాలేమో తెల్లవారకముందే దింపుతాయి, అర్ధరాత్రి ఎక్కించుకుంటాయి. ఆ మధ్య మిగిలిపోయే పగలే పెద్దవాళ్లను కుంగదీస్తుంది.

వియత్నాంలో మేము దనాంగ్ విమానాశ్రయంలో పొద్దున్నే దిగి, సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని హోయ్ ఆన్ చేరాం. ఓ కుటుంబం తమ ఇంట్లోనే కొన్ని గదులు అద్దెకిస్తోంది. మాకు రావలసిన గదిలో ఇంకా మనుషులున్నారు. ఇంటావిడకు మన భాష రాదు, మాకు ఆమెది రాదు. పెరట్లో కుర్చీలు వేసింది, కింది స్నానాల గది చూపించింది, రెండు తువ్వాళ్లు చేతిలో పెట్టి పాస్‌పోర్టులు తీసుకుంది. ఆ దేశంలో దిగిన వాళ్ల వివరాలు పోలీసులకు తెలియజేయాలి. మన దగ్గరా విదేశీయులు దిగితే 24 గంటల్లో ఫారం-సి పంపాలి కదా. ఏళ్ల తరబడి ఇతరుల పాస్‌పోర్టులు తిరగేసిన మావారు తనది వేరేవాళ్ల బల్ల మీద పెట్టి బుద్ధిగా కూర్చుంటే చూడముచ్చటగా అనిపించింది.

ఆమె తువ్వాళ్లు ఆరేసే తీరు నేను రోజూ గమనించాను. ఉతికి, నాలుగు మూలలూ పట్టి గట్టిగా దులిపి, నీడలో కాకుండా నేరుగా ఎండలో వేసేది. తీసేటప్పుడు ఒక్కొక్కటీ చెంపకు ఆనించుకుని చూసేది. చల్లగా తగిలితే మళ్లీ తీగ మీదికే. చేతికి తెలియని తడి చెంపకు తెలుస్తుంది. ఇంత శ్రద్ధ నక్షత్రాల హోటళ్లలో నాకు ఎక్కడా కనపడలేదు.

శాకాహారులకు హోయ్ ఆన్‌లో ఇబ్బంది లేదు. బోర్డు మీద ‘చై’ అని రాసి ఉన్న చోటికి వెళ్లండి, అది పూర్తిగా శాకాహారమే. అక్కడి బౌద్ధుల్లో చాలామంది అమావాస్యకు, పౌర్ణమికి మాంసం ముట్టరు కాబట్టి ఆ రోజుల్లో ఆ హోటళ్లు కిటకిటలాడతాయి. మామూలు హోటల్లో మాత్రం ఉత్త కూరగాయల వేపుడు అడిగినా చేపల ఊట (ఫిష్ సాస్) పడే అవకాశం ఉంది, ముందే చెప్పాలి. పాత ఊరంతా పసుపు గోడలు, పెంకుటిళ్లు. 1999లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. చాంద్రమానం ప్రకారం ప్రతి నెలా పద్నాలుగో రాత్రి దీపాల పండుగ జరుగుతుంది. జనం బాగా ఉంటారు గానీ చూసి తీరాలి.

అదే ఏడాది జాబితాకెక్కిన ‘మీ సన్’ అనే చోటి ఆలయాలు అక్కడికి గంట ప్రయాణం. ఒకప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలిన చంపా రాజులు శివుడికి కట్టిన ఇటుక గుళ్లు అవి. 1969లో అమెరికా బాంబుదాడిలో అన్నిటికంటే పెద్దది కూలిపోయింది. మన పురావస్తు శాఖ నిపుణులు అక్కడ కొన్ని గుళ్లను బాగుచేశారు. ఆ పనుల్లోనే 2020లో ఏకశిలా శివలింగం బయటపడింది. తిరుపతి దగ్గరి గుడిమల్లంలో పరశురామేశ్వర లింగాన్ని ఎరిగిన మనకు ఆ లింగం ముందు నిలబడితే పరాయి దేశంలో ఉన్నట్టు ఉండదు. తెల్లవారి మొదటి బస్సులో వెళ్లండి. పదింటికల్లా ఎండ మండిపోతుంది.

కంబోడియాలో సియెం రీప్ కొత్త విమానాశ్రయం 2023 అక్టోబరులో తెరిచారు. ఊరికి 40 కిలోమీటర్లకు పైనే, అందుకని బండి ముందే మాట్లాడుకోవడం మేలు. అక్కడి ఆంగ్‌కోర్ ఆలయాల ప్రవేశానికి ఒక రోజుకు 37 డాలర్లు, మూడు రోజులకు 62, వారానికి 72. కౌంటరులోనే ఫొటో తీసి టికెట్టు మీద ముద్రిస్తారు. మూడు రోజుల టికెట్టును పది రోజుల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చు. వరుసగా తిరగనక్కర్లేదు కాబట్టి పెద్దవాళ్లకు అదే సరైనది. ఒక రోజు గుళ్లు, ఒక రోజు విశ్రాంతి అని పెట్టుకున్నాం. డాలర్లు చెల్లుతాయి గానీ కొంచెం చిరిగినా, గీత పడినా నోటు వెనక్కి ఇచ్చేస్తారు. కొత్త నోట్లే తీసుకెళ్లండి.

ఆంగ్‌కోర్ వాట్‌లో సూర్యోదయం ఫొటోల కోసం జనమంతా పడమటి వైపు కొలను దగ్గర గుమిగూడతారు. మేము తూర్పు దారిన వెళ్లాం. తూర్పు వసారాలో సుమారు 49 మీటర్ల పొడవున క్షీరసాగర మథనం ఉంది. ఉదయపు ఎండ సూటిగా ఆ గోడ మీద పడుతుంది. ఒకవైపు 92 మంది అసురులు, మరోవైపు 88 మంది దేవతలు వాసుకిని పట్టి లాగుతున్నారు. నడుమ విష్ణుమూర్తి, కింద కూర్మం. లాగే వాళ్ల పిక్కలు బిగిసి ఉండటం, పాము ఒళ్లు చేతుల మధ్య సాగి ఉండటం దగ్గరగా నిలబడితేనే తెలుస్తుంది. “సాయంత్రం దాకా ఇక్కడే ఉంటానంటే నేను ఉంటాను” అన్నారు మావారు. ఉన్నాం కూడా, ఎండెక్కే దాకా. పై అంతస్తు మెట్లు చాలా నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న వాళ్లు వదిలేయవచ్చు, ఆ గుడి అందమంతా కింది వసారాల్లోనే ఉంది.

సియెం రీప్‌లో మేము దిగింది పెద్ద హోటలు కాదు. చెట్ల మధ్య రెండంతస్తుల ఇల్లు. గదిలో చెప్పుకోదగ్గ విశేషం లేదు, ఏసీ కొంచెం చప్పుడు చేసేది. కానీ ఖాళీ చేసిన రోజు ఆ ఇంటాయన చేసిన ఏర్పాటు చూసి ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. వంటింటి పక్కన చిన్న గది. లోపల వేడినీళ్ల జల్లు, కూర్చుని బట్టలు మార్చుకోవడానికి సిమెంటు అరుగు, తడి తగలనంత ఎత్తులో కొక్కేలు, బయట గోడకు తాళం వేసుకునే అరలు. గది ఖాళీ చేసిన వాళ్లు బండి ఎక్కే దాకా దాన్ని వాడుకోవచ్చు. పైసా తీసుకోరు. పగలంతా తిరిగి, సాయంత్రం తలారా స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని విమానాశ్రయానికి బయల్దేరాం.

బ్యాంకాక్ గురించి ఎక్కువ చెప్పను. ఆకాశమంత హోటలు, పట్టులాంటి పరుపు, పొద్దున ఫలహారాల్లో నలభై రకాలు. వెళ్లే రోజు మావారికి నడుము పట్టేసి, రెండు గంటలు ఎక్కడైనా ఒరుగుతామంటే సగం రోజు అద్దె కట్టమన్నారు. మాట మర్యాదగానే ఉంది, నియమమూ వాళ్లదే. అయినా అంత పెద్ద భవనంలో ఓ పెద్దమనిషి నడుము వాల్చడానికి చోటు లేకపోవడం నాకు బాధ కలిగించింది. మళ్లీ వెళ్తే సీలోం దగ్గర మారియమ్మన్ గుడి ఉన్న పేటలో చిన్న బస వెతుక్కుంటాను. రైలు దగ్గర, ఇడ్లీ దొరుకుతుంది. సువర్ణభూమి విమానాశ్రయం లోపల క్షీరసాగర మథనం నిలువెత్తు బొమ్మలుగా, రంగురంగుల్లో ఉంది. దాని ముందు ఆగని వాళ్లు లేరు. నాకు మాత్రం ఆంగ్‌కోర్ రాతిగోడ తర్వాత అది మనసుకు ఆనలేదు.

అందరికంటే ముందు మా ఊరివాళ్లకు నేను సిఫారసు చేసేది మలేషియాలోని పెనాంగ్ దీవి. ఎక్కువ కాలం ఉన్నదీ అక్కడే. అక్కడి జార్జ్ టౌన్ పాత వీధులు 2008లో యునెస్కో జాబితాలో చేరాయి. కింద దుకాణం, పైన కాపురం ఉండే పాత ఇళ్లను బసలుగా మార్చారు. లోపల గాలీ వెలుతురూ వచ్చేలా నడిమధ్య ఆకాశానికి తెరిచిన మండువా ఉంటుంది. మాకు చిన్న వంటగది కూడా ఇచ్చారు. బజారులో చింతపండు, కందిపప్పు, కరివేపాకు దొరికాయి. సొంత చేత్తో చారు కాచుకున్న రోజు నుంచి మాకు ప్రయాణ బడలిక తగ్గింది. దీర్ఘ ప్రయాణంలో వంటగది విలాసం కాదు, ఆరోగ్యం. ఊళ్లో ఉచిత బస్సు తిరుగుతుంది. 1833లో కట్టిన మహామారియమ్మన్ గుడి నడకదూరమే. ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఆ పాత ఇళ్ల చెక్కమెట్లు ఇరుకు, నిటారు. కింది అంతస్తు గది కావాలని బుకింగ్‌లోనే రాయండి.

వెళ్లే రోజు ఆ ఇంటావిడ మధ్యాహ్నం దాకా మమ్మల్ని మండువాలోనే కూర్చోనిచ్చింది, పెట్టెలు తానే చూసుకుంది. అక్కడి నుంచి ఫెర్రీలో సముద్రం దాటి బటర్‌వర్త్ చేరి, రైల్లో కౌలాలంపూర్ వెళ్లాం. సాఫీగా సాగింది. ఇంత సుఖమైన ప్రయాణం మొత్తం యాత్రలో మరొకటి లేదు. ఆ ఊరి దగ్గరి బటు గుహల్లోని సుబ్రహ్మణ్యస్వామి గుడికి మెట్లు 272. అలిపిరి దారిలో 3,550 ఎక్కిన వాళ్లకు అదేమంత కాదు గానీ, అక్కడి ఉక్కపోత వేరు. పొద్దున ఎనిమిదిలోపు ఎక్కేయండి. కోతులున్నాయి, చేతిలో తినుబండారాలు పెట్టుకోకండి. మలేషియాలో విదేశీయులు గదికి రోజుకు 10 రింగిట్లు పర్యాటక పన్ను కట్టాలి. చాలాచోట్ల అది బుకింగ్ ధరలో కలవదు, కౌంటరులో అడుగుతారు. మోసం అనుకుని గొడవపడకండి, రసీదు మాత్రం అడిగి తీసుకోండి. మలేషియాకు, సింగపూర్‌కు దిగేముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో రాక వివరాలు నింపాలి. రుసుము లేదు. డబ్బులడిగే సైటు కనపడితే అది ప్రభుత్వానిది కాదని గ్రహించండి.

సింగపూర్‌లో గదులు ప్రియం, పైగా ఇరుకు. పెట్టె తెరిస్తే నడవడానికి చోటుండదు. అయినా సెరంగూన్ రోడ్డు పరిసరాల్లో దిగితే మనవాళ్లకు భోజనం వెతుక్కునే పని ఉండదు. శ్రీనివాస పెరుమాళ్ గుడి ఆ రోడ్డు మీదే ఉంది. పంతొమ్మిదో శతాబ్దం నాటిది, అక్కడ జాతీయ స్మారకంగా గుర్తించారు. ఇల్లు వదిలి ఇన్నాళ్లయ్యాక ఆ గర్భగుడి ముందు నిలబడితే నాకు కళ్లు నిండాయి. మెట్రోలో ప్రతి స్టేషనుకూ లిఫ్టు ఉంది. బ్యాంకు కార్డు తాకిస్తే గేటు తెరుచుకుంటుంది, టికెట్టు కొనే పని లేదు. సింగపూర్‌కు మూడు నాలుగు రోజులు చాలు, మిగిలినవి పెనాంగ్‌కు ఇవ్వండి.

నిన్న అబ్బాయితో మాట్లాడుతూ మావారు సియెం రీప్ గది సంగతి ఎత్తారు. దర్శనం ఆలస్యమై కొండ దిగేసరికి గది గడువు దాటిపోయే వాళ్లు మన ఊళ్లో ఎందరో. రాత్రి రైలు దాకా పిల్లలతో ఎక్కడ కూర్చుంటారు? కింద సామాన్ల గదిని అలా మార్చమన్నారు. “నాన్నా, అందులో పాత పరుపులున్నాయి” అన్నాడు. “పరుపులు అమ్మేయి, నీళ్ల గొట్టం వంటింటి వైపు నుంచే లాగొచ్చు. అరుగు మాత్రం మీ అమ్మ వచ్చాక కట్టించు, ఎత్తు తనకు తెలుసు” అన్నారు. పనివాడితో మాట్లాడతానని అబ్బాయి ఒప్పుకున్నాడు.

రేపు పన్నెండింటికి ఇక్కడ గది ఖాళీ చేయాలి. పెట్టెలు సాయంత్రం దాకా ఉంచుకుంటామన్నారు, స్నానానికి మాత్రం వీల్లేదన్నారు. అందుకే మధ్యాహ్నమే చాంగీ విమానాశ్రయానికి వెళ్లిపోతున్నాం. అక్కడ కూర్చోవడానికి చల్లని చోట్లున్నాయి, డబ్బులిస్తే స్నానాల గదులూ ఉన్నాయి. చెన్నైలో దిగేది నడిరాత్రి. ఆ వేళ మాధవరం బస్టాండుకు పెట్టెలు మోసుకుపోకుండా, తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా నేరుగా ఇంటికి కారు మాట్లాడాం. ఇద్దరికీ కలిపి బస్సు కంటే ఖర్చు చాలా ఎక్కువే. ఇంత దూరం తిరిగి వచ్చేవాళ్లు ఆ ఒక్క ఖర్చుకు వెనకాడవద్దని నా సలహా.