డ్రాప్ ఎ, లో బి ట్యూనింగ్‌లకు ఏ బేస్ గిటార్ మేలు?

గిటార్లను లో బి కో, ఇంకా కిందనున్న డ్రాప్ ఎ కో దించి ట్యూన్ చేశాక బేస్‌లో స్వరం పోయి ఉత్త గుడగుడే మిగిలితే, పెడల్ మార్చే ముందు తీగ బిగువు చూడండి. 34 అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు) మీద 105 గేజ్ (లావు, అంగుళంలో వెయ్యో వంతుల్లో) ఇ తీగను అలాగే బి కి దించితే బిగువు 44 శాతం పడిపోతుంది. వదులైన తీగను గట్టిగా మీటితే శ్రుతి ముందు పైకి ఎగిరి ఆ తర్వాత దిగుతుంది, తీగ ఫ్రెట్లకు కొట్టుకుంటుంది. డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకుగా చేసే ఎఫెక్ట్) ఆ గోలను ఇంకా పెంచుతుంది.

అన్నిటికన్నా చవక దారి, ఉన్న నాలుగు తీగల బేస్‌నే బి-ఇ-ఎ-డి గా మార్చుకోవడం. 45 నుంచి 130 దాకా ఉండే ఐదు తీగల సెట్ కొని, 45 ని పక్కన పెట్టేయాలి. చిక్కంతా నట్ (మెడ చివర తీగలు కూర్చునే గాళ్ల పట్టీ) దగ్గరే. 105 కోసం కోసిన గాడిలో 130 దిగదు, పైనే కూర్చుంటుంది. అప్పుడు మొదటి రెండు మూడు ఫ్రెట్లలో శ్రుతి పైకి పోతుంది. గుండ్రటి ఆకురాయితో గాడిని వెడల్పు చేయాలి, లోతు మాత్రం జాగ్రత్త: ఎక్కువైతే ఖాళీ తీగ మొదటి ఫ్రెట్‌కు తగిలి గరగరమంటుంది. అవతలి చివర బ్రిడ్జ్ దగ్గర బి సాడిల్‌ను (తీగ ఆనే చిన్న దిమ్మెను) బాగా వెనక్కి జరపాల్సి వస్తుంది. చోటు చాలకపోతే దాని స్ప్రింగ్ తీసేయొచ్చు. మళ్లీ మామూలు ట్యూనింగ్‌కు రావాలంటే కొత్త నట్ వేయించుకోవాలి.

ఐదు తీగల బేస్‌లో ఈ కోతలేవీ ఉండవు, జి తీగ కూడా మిగులుతుంది. కానీ 35 అంగుళాల స్కేల్ కోసమే అదనంగా డబ్బు పెట్టడం దండగ. ఒక్క అంగుళంతో పెరిగే బిగువు 6 శాతమే.

37 అంగుళాల సంగతి వేరు. కెనడా కంపెనీ డింగ్‌వాల్ ఎన్‌జి మోడళ్లలో బి తీగ 37, జి తీగ 34 అంగుళాలు. ఫ్రెట్లు విసనకర్రలా పరుచుకుని ఉంటాయి. అదే గేజ్‌కు 34 కన్నా బిగువు 18 శాతం ఎక్కువ. బి నుంచి ఎ కి దించితే బిగువు 21 శాతం తగ్గుతుంది కాబట్టి ఆ నష్టం దాదాపు పూడిపోతుంది. 34 మీద అదే బిగువు కోసం 145 వేయొచ్చు కానీ, అంత లావు తీగ కడ్డీలా బిర్రుగా ఉండి దాని పై స్వరాలు శ్రుతి తప్పుతాయి, మొద్దుగా మోగుతుంది. 37 కు ఉన్న ఇబ్బందులు ధర, మొదటి ఫ్రెట్ల దగ్గర వేళ్లు చాపాల్సి రావడం, మామూలు సెట్ల పొడవు చాలకపోవడం.

బి దగ్గరే ఆగేవాళ్లకు నాలుగు తీగల బేస్, 130 తీగ చాలు. ఎప్పుడూ ఎ లోనో ఇంకా కిందనో వాయించేవాళ్లకే 37 పెట్టుబడి గిట్టుబాటు. తీగలు ఏ బేస్‌కైనా స్టెయిన్‌లెస్ స్టీల్ రౌండ్‌వౌండ్ (పైన గుండ్రటి తీగ చుట్టినవి). పాతబడ్డ తీగలకు ఈక్యూ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత వినిపించాలో సర్దేది) ప్రాణం పోయదు.

ఇక డ్రైవ్, అంటే డిస్టార్షన్. మొత్తం సిగ్నల్‌ను పెడల్‌లోకి పంపితే అడుగు స్వరం చితికిపోతుంది. రికార్డింగ్‌లో రెండుగా చీల్చడమే మేలు: 200 హెర్ట్జ్ కింద కంప్రెసర్‌తో (శబ్దంలో హెచ్చుతగ్గులను తగ్గించేది) శుభ్రంగా, 400 పైన డిస్టార్షన్‌తో. రెండూ కలిపినప్పుడు ఒకదాని ఫేజ్ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) చూడండి. అడుగు ఏ స్థితిలో నిండుగా వినిపిస్తే అదే ఉంచండి. స్టేజీ మీద శుభ్రమైన శబ్దాన్ని, డిస్టార్షన్‌ను కలిపే బ్లెండ్ నాబ్ ఉన్న డార్క్‌గ్లాస్ బి7కె లాంటి పెడల్ సరిపోతుంది.

లో బి మూల స్వరం 31 హెర్ట్జ్. చిన్న స్పీకర్లు దాన్ని పలకవు, చెవి 62, 93 దగ్గరి స్వరాల నుంచే శ్రుతిని పట్టుకుంటుంది. కాబట్టి 40 దగ్గర పెంచుకుంటూ పోకండి. 250–400 మధ్య కొంచెం తగ్గించి, 800–1500 మధ్య పెంచండి. గిటార్లను 80–100 కింద కోసేయమని సౌండ్ ఇంజనీర్‌ను అడగండి. ట్యూనర్ పెట్టినప్పుడు తీగను మెల్లగా కాదు, పాటలో ఎంత గట్టిగా కొడతారో అంత గట్టిగానే మీటి చూడండి.