యాంటీబాడీలు కనిపించాయి: సహజ ప్రయత్నమా, ఐవీఎఫా?

పిల్లల కోసం చూస్తున్నవారికి రక్తపరీక్షలో యాంటీబాడీలు (సొంత శరీరం మీదే పనిచేసే రక్షణ ప్రొటీన్లు) అని రాగానే రామ్‌నగర్ ఆసుపత్రుల్లో ఐవీఎఫ్ (అండాన్ని, వీర్యకణాన్ని ల్యాబ్‌లో కలిపి గర్భంలో పెట్టే పద్ధతి) ప్యాకేజీ ధర అడగడం విశాఖలో మామూలైంది. అంత తొందర అక్కర్లేదు.

ఖర్చు: సహజంగా అయితే పరీక్షలు, మందులు. ఐవీఎఫ్‌కు విడతకు లక్షల్లోనే.

శ్రమ: సహజంగా అయితే నెలనెలా ఎదురుచూపు. ఐవీఎఫ్‌లో రోజూ పొట్టకు ఇంజెక్షన్, తరచూ స్కాన్లు. గాజువాక నుంచి వచ్చేవారికి సెలవులూ ఖర్చే.

ముప్పు: ఆగితే వయసు కరిగిపోతుంది. ఐవీఎఫ్‌లో అండాశయాలు వాచవచ్చు.

అసలు తేడా జబ్బును బట్టి. యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్‌లో (యాంటీబాడీల వల్ల రక్తం గడ్డకట్టే జబ్బు) గర్భం రావడం కంటే నిలవడమే కష్టం. కనీసం 12 వారాల ఎడంతో రెండుసార్లు పాజిటివ్ వస్తేనే నిర్ధారణ. అప్పుడు రక్తం గడ్డకట్టకుండా తక్కువ మోతాదు ఆస్పిరిన్, హెపారిన్ ఇస్తారు. దీనికి ఐవీఎఫ్ మందు కాదు. యాంటీబాడీల వల్ల వీర్యకణాలు ఒకదానికొకటి అతుక్కుని కదలలేకపోతే మాత్రం, ఐవీఎఫ్‌లోనే ఒక వీర్యకణాన్ని నేరుగా అండంలోకి పంపే ఇక్సీ పద్ధతి మేలు. ఇంట్రాలిపిడ్ (కొవ్వు ద్రావణం) సెలైన్ అంటూ బిల్లు పెంచితే ఆధారం అడగండి, మొహమాటం వద్దు.

భార్య వయసు 35 లోపు, ట్యూబులూ (అండం గర్భాశయానికి చేరే నాళాలు) వీర్యమూ బాగుంటే ఏడాది ప్రయత్నించవచ్చు. 35 దాటితే ఆరు నెలలకే డాక్టరును కలవాలి. రెండు ట్యూబులూ మూసుకుపోతే ఐవీఎఫ్‌కే వెళ్లండి.