సరస్సు ఒడ్డున పాత బస: ఎల్లోస్టోనా, మెక్‌డొనాల్డా?

అమెరికాలో చరిత్ర ఉన్న బసలో దిగి గాలం వేయాలనుకునేవాళ్లకు ఎల్లోస్టోన్ పార్కులోని లేక్ ఎల్లోస్టోన్ హోటల్, గ్లేసియర్ పార్కులోని లేక్ మెక్‌డొనాల్డ్ లాడ్జ్, ఈ రెండింటి మధ్యే ఊగిసలాట.

వయసు: లేక్ ఎల్లోస్టోన్ హోటల్‌ను 1891లో తెరిచారు. 1903లో ఆర్కిటెక్ట్ రాబర్ట్ రీమర్ దాని రూపం మార్చడం మొదలుపెట్టాడు. ఆ ఎత్తైన స్తంభాలు ఆయన చలవే. లేక్ మెక్‌డొనాల్డ్ లాడ్జ్ 1914 నాటిది, స్విస్ తరహా కట్టడం. అప్పట్లో రోడ్డు లేక అతిథులు పడవల్లో వచ్చేవారు. అందుకే అసలు ముఖద్వారం నీటివైపే ఉంటుంది. నన్నడిగితే పాతకాలం కళ్లకు కట్టేది ఇక్కడే.

ఖర్చు: మెక్‌డొనాల్డ్ ఉన్న గ్లేసియర్ పార్కులో చేపలు పట్టడానికి లైసెన్సు అక్కర్లేదు. ఎల్లోస్టోన్‌లో 16 ఏళ్లు నిండినవాళ్లు పర్మిట్ కొనాలి.

చేపలు: ఎల్లోస్టోనే మేలు, కానీ జాగ్రత్త ఎక్కువ కావాలి. కట్‌త్రోట్ ట్రౌట్ ఆ సరస్సు సొంత చేప, దొరికితే వదిలేయాలి. 1994లో బయటపడ్డ లేక్ ట్రౌట్ అనే మరో జాతి చేప బయటినుంచి వచ్చి వాటిని తినేస్తోంది, పడితే చంపాల్సిందే. కట్‌త్రోట్‌కు దవడ కింద ఎర్రటి గీత ఉంటుంది, పోల్చుకోవడం నేర్చుకునే వెళ్లండి.

రిస్కు: రెండుచోట్లా చన్నీళ్లు, ఎలుగుబంట్లు.

గాలమే ముఖ్యమైతే ఎల్లోస్టోన్. పాత కట్టడం మీద మక్కువ ఉండి, పిల్లలతో సరదాగా గాలం వేస్తే చాలనుకుంటే మెక్‌డొనాల్డ్. చలికాలంలో రెండూ మూసేస్తారు.