ఫైనల్ ఫాంటసీ 14లో డబ్బులిచ్చి ముఖం "డిజైన్" చేయించుకునేవాళ్లూ, జాగ్రత్త

ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆన్‌లైన్ గేమ్ ఆడే మనవాళ్లు, ముఖ్యంగా ఫాంటేజియా (తాగిస్తే క్యారెక్టర్‌ని కొత్తగా తయారు చేసుకోనిచ్చే గేమ్‌లోని మందు సీసా) కొనుక్కుని రూపం మొత్తం మార్చేద్దామని చూస్తున్నవాళ్లు ఇది చదవండి. "మీకు నచ్చినట్టు ముఖం డిజైన్ చేసి ప్రీసెట్ ఫైల్ (రూపం ఎంపికలన్నీ సేవ్ చేసిన ఫైల్) ఇస్తాం" అంటూ చాట్ గ్రూపుల్లో తిరుగుతున్నవాళ్ల దగ్గర కొనకండి. అలాంటి ఒకరికి నేను పన్నెండు వందలు కట్టాను. పేరు చెప్పి లాభం లేదు, గొడవ మొదలవగానే ఐడీ మార్చేసుకున్నారు. వాళ్ల పనితీరు చెప్తాను, దాన్ని బట్టి పట్టుకోండి.

నాకు చూపించిన ఫొటోలో ఉన్నది గేమ్‌లోని ఔ రా జాతిలో జేలా తెగ అమ్మాయి. నల్లటి పొలుసులు, నడుము దాటిన వెండిరంగు జుట్టు, సన్నటి గడ్డం, వెనక్కి వంగిన పెద్ద కొమ్ములు. చూస్తే ఎవరైనా పడిపోతారు. యూపీఐలో డబ్బు పంపగానే ఫైల్ వచ్చింది, అక్కడివరకు వంక పెట్టడానికి లేదు. దాన్ని గేమ్ ఫోల్డర్‌లో వేసి, ఫాంటేజియా తాగించి, లాగౌట్ అయి మళ్లీ వచ్చి ఎడిట్ స్క్రీన్‌లో లోడ్ చేస్తే వచ్చిన పిల్లకీ ఫొటోలో పిల్లకీ పోలికే లేదు. అడిగితే "బ్రో, ఆ స్క్రీన్‌లో లైటింగ్ బాగుండదు, గేమ్‌లోకి వెళ్లి పగటిపూట చూడు" అన్నారు. ఈ మాట ఎవరైనా నమ్ముతారు, ఎందుకంటే లైటింగ్ సమస్య నిజంగానే ఉండేది. 2024లో డాన్‌ట్రైల్ అనే కొత్త ఎక్స్‌పాన్షన్‌కి ముందు వచ్చిన బెంచ్‌మార్క్‌లో (గేమ్ మన కంప్యూటర్‌లో ఎలా నడుస్తుందో చూసుకునే ప్రోగ్రామ్) ముఖాలు ఏదోలా కనిపిస్తున్నాయని ఆటగాళ్లు గోల చేస్తే, కంపెనీ దాన్ని సరిచేసి మే నెలలో మళ్లీ విడుదల చేసింది. ఆ పాత ఫిర్యాదునే వీళ్లు ఇప్పుడు సాకుగా వాడుకుంటున్నారు.

సరే అని గేమ్‌లోని లిమ్సా లొమిన్సా ఊళ్లో మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టి చూశాను. అదే ముఖం, అదే జుట్టు. "ఒక్క అరగంట ఆగండి బ్రో, ఇంకో ఫైల్ పంపిస్తా" అన్నారు, తర్వాత "కరెంటు పోయింది" అన్నారు, ఆ తర్వాత మొహం చాటేశారు. ఇది ఊరికే సాగదీయడం కాదని నా అనుమానం. ఫాంటేజియా వాడాక అరవై నిమిషాల ఆట సమయం లోపల మళ్లీ ఎడిట్ చేసుకునే వీలు ఇప్పుడు గేమ్‌లోనే ఉంది. ఆ గంట గడిచిపోయేదాకా మాటలతో కూర్చోబెడితే, ఇక కావాలంటే ఇంకో ఫాంటేజియా కొనాల్సిందే, అధికారిక స్టోర్‌లో ఒక్కటి పది డాలర్లు. అంటే పన్నెండు వందలతో పోలేదు నష్టం.

ఇప్పుడు అసలు విషయం. ఈ గేమ్‌లో ముఖం మట్టిముద్ద కాదు, ఎవరి చేతివాటం కొద్దీ వాళ్లు మలచడానికి. బ్లాక్ డెజర్ట్‌లాంటి గేముల్లో ఎముకా ఎముకా లాగి సాగదీయొచ్చు కాబట్టి అక్కడ డిజైనర్ అనే మాటకు కొంచెం అర్థం ఉంది. ఇక్కడ అలా కాదు. తెగకు కొన్ని ముఖాలే ఇస్తారు, వాటి మీద కళ్లు, ముక్కు, నోరు, దవడ కొన్ని రకాల్లోంచి ఎంచుకోవాలి, ఎత్తులాంటి వాటికి స్లైడర్లు, తర్వాత రంగులు. అంతే. ఔ రాకైతే కొమ్ములు కూడా ముఖంతోనే వస్తాయి, కొమ్ముల్ని విడిగా మార్చలేం. నాకు పంపిన ఫొటోని తర్వాత ఎడిట్ స్క్రీన్ పక్కన పెట్టి చూస్తే కొమ్ములు ఒక ముఖానివి, చెంపలు, గడ్డం ఇంకో ముఖానివి. ఆ కలయిక గేమ్‌లో ఏ పద్ధతిలోనూ రాదు. జుట్టు కూడా గేమ్‌లో ఎక్కడా లేనిదే.

అంటే అది మాడ్ (గేమ్ బొమ్మల్ని మార్చే బయటి ఫైల్) వేసి తీసిన ఫొటో. మామూలుగా మాడ్ ఎవరి కంప్యూటర్‌లో వేసుకుంటే వాళ్ల స్క్రీన్ మీదే కనిపిస్తుంది, పక్కన నిలబడ్డవాడికి మన అసలు ముఖమే కనిపిస్తుంది. పైగా అలాంటి బయటి టూల్స్ వాడటం గేమ్ నిబంధనలకు విరుద్ధం. ఫైల్‌లో మాత్రం ఎవరైనా ఉచితంగా సేవ్ చేసుకోగల మామూలు ఎంపికలే ఉంటాయి. చర్మం మీద ఆ తడి మెరుపు సంగతి చెప్పనే అక్కర్లేదు, అది ఫిల్టర్.

ఎవరైనా ఫైల్ ఇస్తే, ఫ్రీగా ఇచ్చినా సరే, ముందు డాన్‌ట్రైల్ బెంచ్‌మార్క్ దించుకోండి. అది ఉచితం, అందులో క్యారెక్టర్ క్రియేషన్ మొత్తం ఉంటుంది. ముఖాన్ని అక్కడ నాలుగు వైపులా తిప్పి చూశాకే సీసా మూత తీయండి. 2024 జులై కంటే ముందు తీసిన ఫొటోలైతే అసలు లెక్కలోకి తీసుకోకండి, డాన్‌ట్రైల్‌తో వచ్చిన గ్రాఫిక్స్ అప్‌డేట్‌తో ముఖాలన్నీ ఎంతోకొంత మారాయి.

చాలామందికి ఫాంటేజియానే అవసరం ఉండదు. జుట్టు, జుట్టు రంగు, ముఖం మీద పెయింట్ వరకే అయితే గేమ్‌లోని ఉల్దా నగరంలో లెవెల్ 15 క్వెస్ట్ చేస్తే జాండెలైన్ అనే క్షురకుడు అందుబాటులోకి వస్తాడు, సత్రంలో గంట కొట్టి పిలిస్తే 2,000 గిల్ (గేమ్ డబ్బు)కి పని అయిపోతుంది. మోడర్న్ ఈస్తటిక్స్ పేరుతో దొరికే కొత్త హెయిర్ స్టైల్స్ కూడా ఆయన దగ్గరే వేయించుకోవాలి. జాతే మార్చాలంటే, ఆల్టిమేట్ వెపన్ క్వెస్ట్ పూర్తి చేసినవాళ్లకు గేమే ఒక ఫాంటేజియా ఇస్తుంది, వాడారో లేదో ముందు మీ సామాన్లలో వెతుక్కోండి.

ఇదే గుంపులో ఇంకో రకం కూడా ఉన్నారు. "స్టోర్ రేటులో సగానికే ఫాంటేజియా వేయిస్తాం, ఐడీ, పాస్‌వర్డ్, వచ్చిన ఓటీపీ చెప్పండి" అంటారు. స్టోర్‌లో గిఫ్ట్‌గా పంపే సదుపాయం ఉంది, దానికి మీ పాస్‌వర్డ్‌తో ఎవరికీ పని లేదు. వీళ్ల జోలికి అసలే పోకండి.

బ్యాంకులో ఫిర్యాదు పెడితే, మీరే పిన్ కొట్టి పంపారు కదా అన్నారు. చాట్ స్క్రీన్‌షాట్లు, ఆ ఫొటో నా దగ్గర ఉన్నాయి. ఇదే జేలా ఫొటో మీకూ ఎవరైనా పంపి ఉంటే మెసేజ్ పెట్టండి, అందరివీ కలిపి సైబర్ క్రైమ్ పోర్టల్‌లో వేద్దాం.