ప్లాన్ జీవితాంతం, ట్రాష్ ముప్పై రోజులు

2019 నవంబరులో, బ్లాక్ ఫ్రైడే ఆఫర్ అయిపోవడానికి రెండు గంటల ముందు, ఫొటోలూ ఫైళ్లూ ఇంటర్నెట్‌లో దాచుకునే క్లౌడ్ స్టోరేజీ కోసం, ఒక విదేశీ కంపెనీ దగ్గర 2 టీబీ లైఫ్‌టైమ్ ప్లాన్ కొన్నాను, అంటే ఒకసారి కడితే జీవితాంతం. డాలర్లలో కట్టాలి కాబట్టి కార్డు వాళ్ల ఫారెక్స్ ఛార్జీ, దాని మీద జీఎస్టీ కలిపి పద్దెనిమిది వేలు దాటింది. కంపెనీ పేరు రాయడం లేదు. జరిగినదాంట్లో సగం తప్పు నాదే, పేరు పెట్టి తిట్టే హక్కు నాకు లేదు. అలాగని కోపం పోయిందని కాదు. ఆ కోపం ధర మీదా కాదు, స్పీడు మీదా కాదు. డిలీట్ చేసిన ఫైళ్లు వెళ్లిపడే ట్రాష్ ఫోల్డర్ మీద.

ముందు మంచి మాటలు చెప్పేస్తాను. అప్పట్లో గూగుల్ 2 టీబీకి ఏడాదికి 6,500 రూపాయలు తీసుకునేది. ఆ లెక్కన మూడేళ్లకే నా డబ్బు గిట్టుబాటైపోయింది. 2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫొటోస్‌లో ఉచితంగా ఎన్నైనా దాచుకునే వీలు పోయినప్పుడు, మా ఆఫీసు వాట్సాప్ గ్రూపంతా ఒకటే గోల. నేను మాత్రం నవ్వుకున్నాను. అదే అక్టోబరులో ఆటో పేమెంట్ల మీద రిజర్వ్ బ్యాంకు నిబంధనలు మారి, చాలామందికి విదేశీ చందాలు మధ్యలో ఆగిపోయాయి. నాకు చందానే లేదు, ఆ బాధా లేదు. నెలనెలా కట్టేవి గుర్తుపెట్టుకోలేని మనిషిని నేను. నాలాంటివాడికి ఒకసారి కట్టి వదిలేయడంలో ఉన్న సుఖం నిజమైనదే. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

ఆ ధీమాతోనే ముగ్గురి చేత కొనిపించాను. గుంటూరులో ఉండే మా బావ అందులో ఒకడు. "ఒకసారి కట్టెయ్ బావా, మళ్లీ జన్మలో దాని మొహం చూడక్కర్లేదు" అన్నాను. ఆ రెండో సగం మాత్రం ఇప్పుడు అనను.

మా డేటా అంతా విజయవాడ సింగ్‌నగర్‌లో అమ్మానాన్నల ఇంట్లో, డెస్క్‌టాప్‌లో ఉండేది. 640 జీబీ. అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ వచ్చేది, ఆగకుండా పోతే మూడు రోజుల పని. పట్టింది నెల. ఎందుకంటే నాన్న రాత్రి పడుకోబోయే ముందు గ్యాస్ సిలిండరు కట్టేస్తారు, గేటుకి తాళం వేస్తారు, రౌటర్ స్విచ్ ఆపేస్తారు. "రాత్రంతా వెలుగుతూ ఉంటే ఎందుకురా, పాడైపోతుంది" అంటారు. సరే, నెలకైనా ఎక్కింది. ఆ తర్వాత దాన్ని నిజంగానే మర్చిపోయాను.

2024 ఆగస్టు 31 రాత్రి వాన. తెల్లారితే ఆదివారం, సెప్టెంబరు 1. బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌లోకి వచ్చేశాయి. అమ్మానాన్న మేడ మీద అద్దెకున్నవాళ్ల ఇంట్లోకి ఎక్కారు. బియ్యం, మందులు, ఇంటి కాగితాలు మోసుకెళ్లగలిగారు. సీపీయూ నేల మీదే ఉండిపోయింది, విడిగా ఉండే హార్డ్ డిస్క్ టీవీ బల్ల కింది అరలో. హైదరాబాదులో నేను ఫోను పట్టుకుని కూర్చున్నాను, అక్కడ వాళ్ల ఫోన్లలో ఛార్జింగ్ అయిపోయింది. ఆ రోజుల గురించి ఇక్కడ ఎక్కువ రాయను. వారం తర్వాత వెళ్లేసరికి గోడ మీద ఛాతీ ఎత్తున బురద గీత ఉంది. పెళ్లి ఆల్బమ్ నానిన అట్టలా ఉబ్బిపోయి, పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. హార్డ్ డిస్క్‌ని నాన్న అప్పటికే కడిగి, ఎండబెట్టి, పక్కింటివాళ్ల ల్యాప్‌టాప్‌కి పెట్టి చూశారట. టిక్కు టిక్కుమంది, ఆగిపోయింది. తడిసిన డిస్కుకి కరెంటు ఇవ్వకూడదని ఆయనకి చెప్పినవాళ్లు ఎవరూ లేరు.

"పోనీలే నాన్నా, అంతా పైన క్లౌడ్‌లో ఉంది" అన్నాను. ఆ మాట అనగలిగినందుకు ఆ పద్దెనిమిది వేలు ఆ క్షణంలోనే తీరిపోయాయి. కూకట్‌పల్లి వచ్చి కొత్త డిస్కు కొని, డౌన్‌లోడ్ పెట్టాను. బ్రౌజర్‌లో ఫోల్డర్ మొత్తం ఒక్కసారే దించబోతే జిప్ ఫైలు మధ్యలో తెగిపోయేది, కంప్యూటర్ యాప్‌తో పెట్టాక కుదిరింది. మూడు రాత్రులు. మా పెళ్లి వీడియో, పిల్లాడి మొదటి అడుగులు, నాన్న రిటైర్మెంటు రోజు ఫొటోలు, అన్నీ ఎక్కడివక్కడ వచ్చాయి. ఆ మూడు రాత్రుల మధ్యలో నేను ఈ సమీక్ష రాసి ఉంటే అయిదుకి అయిదు నక్షత్రాలు పెట్టేవాణ్ని.

డిస్కు తీసుకుని మళ్లీ విజయవాడ వెళ్లాను. అమ్మ పెళ్లి ఫొటోలు అడగలేదు. "అమ్మ గొంతు ఉందా అందులో?" అంది.

అమ్మమ్మ 2021లో పోయింది. అమ్మ పాత ఫోనులో కాల్స్ వాటంతటవే రికార్డయ్యేవి. రోజూ సాయంత్రం అమ్మమ్మ ఫోన్ చేసి అన్నాలు తిన్నారా, ఏం కూర, మీ ఆయన బీపీ ఎంత అని అడిగే మాటలు. అవన్నీ "అమ్మ పాత ఫోన్" అనే ఫోల్డర్లో పెట్టింది నేనే. రెండు వందలకు పైగా ఫైళ్లు. వెతికాను. ఫోల్డర్ లేదు. వెబ్‌సైట్‌లో వెతికాను, ట్రాష్‌లో వెతికాను. ఖాళీ.

నాన్నని అడిగితే తేలింది. 2023 మే నెలలో డెస్క్‌టాప్‌లో చోటు లేదని, ఆ ఫోల్డర్‌ని హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, అన్నీ తెరుచుకుంటున్నాయా అని చూసి మరీ డెస్క్‌టాప్‌లో తీసేశారు. ఆయన లెక్క ప్రకారం రెండు కాపీలు ఉన్నాయి: ఒకటి డిస్కులో, ఒకటి పైన. పద్ధతిగా చేసిన పనే. కానీ నేను 2019లో పెట్టింది బ్యాకప్ కాదు, సింక్. బ్యాకప్ అయితే ఇక్కడ తీసేసినా అక్కడ ఉంటుంది. సింక్ అంటే రెండు చోట్లా ఒకేలా ఉంచడం, ఇక్కడ తీసేస్తే అక్కడా పోతుంది. ఈ తేడా నాకు తెలీదని చెప్పలేను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఆ రోజు తొందరలో మొదట కనిపించినది నొక్కాను, ఫొటోలు పైన కనిపించగానే మురిసిపోయాను.

అక్కడి దాకా తప్పు మాది. ఆ తర్వాతది వాళ్లది. డిలీటైన ఫైళ్లు ట్రాష్‌లో ముప్పై రోజులే ఉంటాయి. సపోర్టుకి రాస్తే రెండు రోజులకి మర్యాదగానే జవాబిచ్చారు: గడువు దాటింది, తిరిగి తేవడం కుదరదు. ఏడాది పాటు ఉంచే సదుపాయం ఉందట, దానికి వేరే డబ్బు కట్టాలి, అదీ ఏటేటా. అంటే ఉన్నవాటిని దాచడం జీవితాంతం, పోయినవాటిని దాచడం చందా మీద. ఒకే రోజు రెండు వందల ఫైళ్లు మాయమైతే ఒక్క మెయిల్ పంపరా? డిస్కౌంట్ మెయిళ్లు మాత్రం వారానికి రెండు. ఆ మే నెల మెయిళ్లు తిరగేశాను: మదర్స్ డే ఆఫర్ ఉంది, డిలీట్ అయిన కబురు లేదు.

డేటా రికవరీ షాపులో 35 వేలు అడిగారు, గ్యారంటీ లేదన్నారు. నాన్న ఇద్దామన్నారు. అమ్మ వద్దంది.

ఇప్పుడు ఏం చేస్తున్నానంటే, ఆ ప్లాన్ వదల్లేదు. ఎలాగూ డబ్బులు కట్టేశాను, పైగా వరదలో నిలబడింది అదొక్కటే. సింక్ తీసేసి ఒకవైపే పంపే బ్యాకప్ పెట్టాను. రెండో డిస్కు కూకట్‌పల్లిలో నా దగ్గర ఉంది, సంక్రాంతికి, దసరాకి ఇంటికి వెళ్లినప్పుడు కొత్తవి ఎక్కించుకొస్తున్నాను. లైఫ్‌టైమ్ అంటే ఏమిటో నిబంధనల్లో అప్పుడే చదివాను: తొంభై తొమ్మిదేళ్లు, లేదా ఖాతాదారుడు బతికున్నన్నాళ్లు, ఏది ముందైతే అది. ఖాతా నా పేరున ఉంది, కాబట్టి పాస్‌వర్డ్ మా ఆవిడకీ రాసిచ్చాను. కంపెనీ ఉన్నన్నాళ్లు అనే మూడో షరతు ఎవరూ రాయరు. అమెజాన్ అంతటిదే 2023 డిసెంబరు 31న అమెజాన్ డ్రైవ్ మూసేసింది. ఇలాంటి చిన్న కంపెనీ మీద పదేళ్లకి మించి ఆశ పెట్టుకోవడం నావల్ల కాదు.

మీ సంగతి వేరు కావచ్చు. ఒక్కరే వాడుకుంటూ, ఏం తీసేస్తున్నారో తెలిసి తీసేసేవాళ్లయితే ముప్పై రోజులు చాలేమో. ఇంట్లో నలుగురి చేతులు పడే కంప్యూటర్ అయితే నాకు నమ్మకం లేదు.

మొన్న బావ ఫోన్ చేశాడు. 10 టీబీకి ఆఫర్ నడుస్తోందట, కొననా అని. "ముందు నీ ఫోల్డర్ సింక్‌లో ఉందా బ్యాకప్‌లో ఉందా చూసి చెప్పు" అన్నాను. ఇంకా చెప్పలేదు.

అమ్మమ్మవి ఒక్కటి దొరికింది. అప్పుడెప్పుడో అమ్మ వాట్సాప్‌లో పిన్నికి పంపిన నలభై సెకన్ల ముక్క. గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ ఎప్పుడు వేయాలో చెప్తోంది, మధ్యలో ఎవరో తలుపు కొడితే "ఆఁ వస్తన్నా" అని కేకేసింది, అక్కడితో కట్ అయింది. దాన్ని నాలుగు చోట్ల పెట్టాను.