వెలుగు కనిపించిన ఢీనా, చీకట్లో జరిగిన ఢీనా: విశ్వ విస్తరణ కొలవడానికి ఏది మేలు?

విశ్వం ఎంత వేగంగా విస్తరిస్తోందంటే రెండు జవాబులు వినిపిస్తాయి. ప్లాంక్ ఉపగ్రహం చూసిన తొలినాటి వెలుగును బట్టి మెగాపార్సెక్‌కు (సుమారు 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి) సెకనుకు 67.4 కిలోమీటర్లు. దూరం లెక్కగట్టడానికి పనికొచ్చే సెఫీడ్ తారలు, సూపర్‌నోవాల (పేలే నక్షత్రాల) మెట్లెక్కి కొలిస్తే 73. దీన్నే హబుల్ టెన్షన్ అంటారు, పేరుకు తగ్గట్టే ఉంది. విస్తరణ కొలవడానికి గురుత్వ తరంగాలను, అంటే భారీ వస్తువులు ఢీకొన్నప్పుడు స్థలకాలంలో పుట్టే అలలను, వాడవచ్చని భౌతిక శాస్త్రవేత్త బెర్నార్డ్ షుట్జ్ 1986లోనే చెప్పారు. తరంగం కూత (పౌనఃపున్యం) ఎంత త్వరగా పైకెక్కుతుందో చూస్తే దాని అసలు బలం, మన దగ్గరికి ఎంత సన్నగా చేరిందో చూస్తే దూరం తెలుస్తాయి. వేగం కోసం మాత్రం ఆ ఢీ జరిగిన గెలాక్సీ రెడ్‌షిఫ్ట్ (దూరమవుతున్న కొద్దీ దాని వెలుగు ఎరుపు వైపు జరగడం) కావాలి. ఆ గెలాక్సీని పట్టుకునే దగ్గరే చిక్కంతా.

2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు (పేలిపోయిన భారీ తారల గట్టి గుండెలు) ఢీకొన్న తరంగం అందింది. 1.7 సెకన్లకు గామా కిరణాల మెరుపు. పదకొండు గంటలు తిరిగేసరికి చిలీలోని ఒక టెలిస్కోపు ఎన్‌జీసీ 4993 గెలాక్సీలో కొత్త చుక్కను పట్టేసింది. ఇంటి నంబరుతో సహా అడ్రసు దొరికినట్టే! చుట్టుపక్కల గెలాక్సీల లాగుడు తీసేస్తే వేగం సెకనుకు సుమారు 3,000 కి.మీ., దూరం 43 మెగాపార్సెక్‌ల చుట్టుపక్కల. భాగిస్తే 70. కాకపోతే ఆ జంట మనవైపు ఎంత వాలి తిరిగిందో సరిగ్గా తేలక, 62 నుంచి 82 మధ్య ఉండొచ్చన్నారు.

అంతకు మూడు రోజుల ముందు, 14న వచ్చింది కృష్ణబిలాల విలీనం. వెలుగు లేదు. ఊరు తెలుసు, ఇల్లు తెలియదు. అదృష్టం కొద్దీ ఆ ఊరు డార్క్ ఎనర్జీ సర్వే అనే గెలాక్సీల సర్వే ఫొటోలు తీసిన ఆకాశంలోనే ఉంది. అక్కడి వేల గెలాక్సీలకు తలా కొంత అవకాశమిచ్చి లెక్కేస్తే 75 వచ్చింది, 43 నుంచి 115 దాకా ఏదైనా కావచ్చట. అంత వెడల్పు కొలతతో తగువేం తీరుతుంది?

ఒక్కో సంఘటన లెక్కన వెలుగున్నదే మేలు. కానీ ఆ వరం ఒక్కసారే దక్కింది. 2019 ఏప్రిల్‌లో మరో న్యూట్రాన్ జంట ఢీకొంది గానీ, అనుమానించిన చోటు ఆకాశంలో ఐదో వంతు, ఎక్కడని వెతుకుతారు? కృష్ణబిలాలు మాత్రం వస్తూనే ఉన్నాయి. 2017 నాటి వెలుగును కూడా కలుపుకుని 47 సంఘటనలు లెక్కేస్తే 68, అటూ ఇటూ 62 నుంచి 76. ఇందులో ఒక మెలిక ఉంది: దూరంలో మసక గెలాక్సీలు జాబితాకు ఎక్కలేదు కాబట్టి, ఆ జవాబు కృష్ణబిలాల బరువుల గురించి మనం అనుకున్నదాని మీదే ఎక్కువ ఆధారపడింది.

అయినా నా ఓటు చీకటివాటికే, జాబితా లోతు పెరగాలన్న షరతుతో. అరిజోనాలో టెలిస్కోపుకు అమర్చిన డెసి అనే పరికరం ఒకేసారి 5,000 ఫైబర్లతో రెడ్‌షిఫ్టులు ఏరుతోంది. ఇటు నిజామాబాద్ నుంచి నాందేడ్ దాటితే వచ్చే హింగోలి జిల్లాలో గురుత్వ తరంగాలను పట్టే లైగో-ఇండియా కేంద్రం రాబోతోంది. అక్కడా తరంగం వినిపిస్తే ఊరి హద్దులు దగ్గరవుతాయి, తట్టాల్సిన తలుపులు తగ్గుతాయి.