ఔటర్‌పై 120: అమ్మతో వెళ్లే దారికి నా మార్కులు 3/5

అమ్మ చికిత్స కోసం నెలకు రెండుసార్లు పటాన్‌చెరు నుంచి శంషాబాద్‌కి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదే వెళ్తాను. 158 కిలోమీటర్ల ఈ రోడ్డుపై 2023లో గరిష్ఠ వేగాన్ని 100 నుంచి 120కి పెంచారు. డివైడర్ పక్కనున్న మొదటి రెండు లేన్లు వేగంగా వెళ్లేవాళ్లకి, ఎడమ రెండూ 80 లోపు వాళ్లకి. రోడ్డు నున్నగా ఉంటుంది, సిగ్నళ్లుండవు. అంతవరకు హాయిగానే ఉంది.

టెన్షన్ అంతా వేగాల తేడాతోనే. పోయిన నెల కోకాపేట దాటాక మొదటి లేన్‌లోనే ఒక లారీ 60లో పోతోంది. దాన్ని దాటాలని ఒక కారు ఎడమవైపు నుంచి దూసుకొచ్చి మా ముందుకు తిరిగింది. గట్టిగా బ్రేక్ వేశాను. వెనక సీట్లో అమ్మ బెల్టు పెట్టుకుంది కాబట్టి సరిపోయింది.

120లో బండి సెకనుకు 33 మీటర్లు పోతుంది. బ్రేక్ పడ్డాక ఆగే దూరం 100లో కంటే 44 శాతం ఎక్కువ. టైర్లు అరిగి ఉన్నా, వాన పడుతున్నా ఇంకా ఎక్కువే. అందుకే అమ్మ ఉంటే నేను మూడో లేన్‌లో 80 దాటను. ఇంటికి పది నిమిషాలు ఆలస్యంగా చేరతాం, అంతే.